ఉటా కొండల మధ్య ఒక లోయకి టీవీ ట్రాన్స్‌లేటర్ లైసెన్సు: ఛానెల్ పోయిన దగ్గర్నుంచి మళ్ళీ ఎక్కిన దాకా

ఇది అమెరికాలో ఉటా రాష్ట్రం దక్షిణం వైపు ఒక కౌంటీకి నేను చేసిన పని. క్లయింటు కౌంటీ ప్రభుత్వం కాబట్టి పేరు రాయట్లేదు, కొండ పేరు కూడా వద్దు, మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నా. ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నళ్ళ) పనిలో ఉన్న మనవాళ్ళు ఎక్కువమంది సెల్యులార్ వైపే ఉంటారు, బ్రాడ్‌కాస్ట్ వైపు చాలా తక్కువ, అందులోనూ ఈ పల్లెటూరి ట్రాన్స్‌లేటర్ల పని పట్టించుకునేవాళ్ళు ఇంకా తక్కువ, అందుకే కాస్త విడమర్చి రాస్తున్నా, ఇలాంటి ఫైలు ఎవరి టేబుల్ మీదకైనా వస్తే పనికొస్తుంది.

ముందు సెటప్ చెప్తా. ఉటాలో పెద్ద టీవీ స్టేషన్లు దాదాపు అన్నీ సాల్ట్ లేక్ సిటీవి, వాటి టవర్లు ఎక్కువగా ఫార్న్స్‌వర్త్ పీక్ మీద ఉంటాయి. టీవీ కనిపెట్టినవాళ్ళలో ముందు వరుసలో చెప్పుకునే ఫైలో ఫార్న్స్‌వర్త్ పేరే ఆ కొండకి పెట్టారు, ఆయన పుట్టింది ఇదే రాష్ట్రంలో బీవర్ దగ్గర 1906లో, కరెంటు కూడా లేని చోట. అక్కణ్ణుంచి వచ్చే సిగ్నల్ దక్షిణానికి వచ్చేసరికి ఒకదాని వెనక ఒకటి కొండలు అడ్డం, లోయలో ఉన్న ఊరికి ఏమీ రాదు. అందుకని కొండ మీద ఒక చిన్న షెడ్డు, ఒక రిసీవ్ యాంటెన్నా, ఒక ట్రాన్స్‌మిట్ యాంటెన్నా. ఒక ఛానెల్ మీద అందుకుని ఇంకో ఛానెల్ మీద లోయలోకి వదులుతుంది, అదే ట్రాన్స్‌లేటర్. దీని సిగ్నల్ పట్టుకుని పక్క లోయలో ఇంకోటి, దాన్ని పట్టుకుని మరోటి, ఇలా గొలుసులాగా పోతాయి. మా కౌంటీది గొలుసులో మధ్యది, అంటే ఇది ఆగితే దీని కింద ఉన్న లోయ కూడా ఆగిపోద్ది. ఈ విషయం కేసు మొత్తానికి ముఖ్యం.

ఇంకో సంగతి, ఇక్కడ లైసెన్సు టీవీ కంపెనీ చేతిలోనే ఉండాలని లేదు. కౌంటీలు, టీవీ డిస్ట్రిక్టులు, యూనివర్సిటీలు, కొన్నిచోట్ల ఊరి సంఘాలే లైసెన్సుదారులు. మన దగ్గర ఒకప్పుడు పల్లెకి టీవీ అంటే దూరదర్శన్ ఎల్‌పీటీ (తక్కువ పవర్ ట్రాన్స్‌మిటర్), అది ప్రభుత్వం పెడితే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, పంచాయతీ వెళ్ళి లైసెన్సు అడిగే దారే ఉండేది కాదు. ఇక్కడ 1950ల్లో పశ్చిమ రాష్ట్రాల జనం ఆగలేక కొండలెక్కి లైసెన్సు లేకుండానే బూస్టర్లు పెట్టేసుకున్నారు, ఎఫ్‌సీసీ (రేడియో, టీవీ లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) మూయించబోతే కొలరాడో గవర్నర్ ఎడ్విన్ జాన్సన్ 1956లో తానే పర్మిషన్లు రాసిచ్చాడు. అదే ఏడాది ఎఫ్‌సీసీ యూహెచ్‌ఎఫ్ (14 నుంచి పైన ఉన్న టీవీ ఛానెళ్ళు) పైభాగంలో, 70 నుంచి 83 ఛానెళ్ళలో ట్రాన్స్‌లేటర్లకి దారి తెరిచింది, వీహెచ్‌ఎఫ్ (2 నుంచి 13 ఛానెళ్ళు) వాటిని 1960లో చట్టబద్ధం చేశారు. జనం కొట్లాడి తెచ్చుకున్న సర్వీసు ఇది. నాకు దీని మీద ఇంత పట్టింపు ఉండటానికి ఒక కారణం అదే.

ఇక కేసులోకి. కౌంటీ దగ్గర ఉన్న ట్రాన్స్‌లేటర్లలో ఒకటి 40ల్లో ఉన్న ఛానెల్ మీద నడుస్తోంది. 2017లో ముగిసిన ఇన్సెంటివ్ ఆక్షన్‌లో (టీవీ ఛానెళ్ళు ఖాళీ చేయించి మొబైల్ కంపెనీలకి అమ్మిన వేలం) 38 నుంచి 51 దాకా ఛానెళ్ళు టీవీ చేతిలోంచి పోయాయి, ఎక్కువభాగం మొబైల్ కంపెనీలకి వెళ్ళింది, 614 నుంచి 698 మెగాహెర్ట్జ్, మొత్తం 84 మెగాహెర్ట్జ్, దాదాపు 19.8 బిలియన్ డాలర్ల ఆక్షన్ అది. ఫుల్ పవర్ స్టేషన్లకి, క్లాస్ ఏ స్టేషన్లకి (తక్కువ పవర్ వే అయినా రక్షణ ఉన్నవి) ఎఫ్‌సీసీయే కొత్త ఛానెల్ వెతికి చేతిలో పెట్టింది. ట్రాన్స్‌లేటర్లకి అలా లేదు, ఎందుకంటే ఇవి సెకండరీ సర్వీసు, అంటే ప్రైమరీ వాళ్ళకి అడ్డం రాకూడదు, వాళ్ళ వల్ల మనకి ఇబ్బంది వస్తే అడగడానికి లేదు. కౌంటీకి మొబైల్ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది, మేం ఫలానా ఏరియాలో ఆపరేషన్ మొదలుపెడుతున్నాం, మీ వల్ల ఇంటర్‌ఫియరెన్స్ వచ్చేలా ఉంది అని. రూల్ ప్రకారం వాళ్ళు కనీసం 120 రోజుల ముందు చెప్పాలి, చెప్పారు.

కౌంటీ కమిషనర్ల మీటింగులో వచ్చిన మొదటి ప్రశ్న, దీన్ని వదిలేసి తర్వాత ఖాళీ చూసుకుని కొత్తది అప్లై చేస్తే పోలా అని. కుదరదు. కొత్త ట్రాన్స్‌లేటర్ అప్లికేషన్లని ఎఫ్‌సీసీ 2010 అక్టోబర్ నుంచే ఆపేసి ఉంచింది అప్పట్లో. ఉన్న లైసెన్సుని కొత్త ఛానెల్‌కి మోసుకుపోతే సరి, లేదంటే అది పోయినట్టే, మళ్ళీ ఎప్పుడు తలుపు తెరుస్తారో అప్పటికి తెలీదు. అందుకే స్పెషల్ డిస్‌ప్లేస్‌మెంట్ విండో (ఛానెల్ పోయిన స్టేషన్లు కొత్త ఛానెల్ అడగడానికి ఇచ్చిన గడువు) మీద అంత పట్టుగా కూర్చున్నాం. అది 2018 ఏప్రిల్ 10న తెరిచారు, జూన్ 1న మూశారు. 2017 ఏప్రిల్ 13 నాటికి ఆపరేషన్లో ఉన్న స్టేషన్లే అర్హులు. విండోలో వేసినవన్నీ ఒకే రోజు వేసినట్టు లెక్క, ముందు వేసినవాడికి ముందు అనేది లేదు, కాబట్టి తొందరపడి మొదటి రోజే పడేయడం కంటే లెక్క సరిగ్గా చేసి వెయ్యడమే మేలు.

ఛానెల్ వెతకడం మొదలుపెట్టాం. మిగిలింది వీహెచ్‌ఎఫ్ 2 నుంచి 13, యూహెచ్‌ఎఫ్ 14 నుంచి 36. 37 ఎవరికీ ఇవ్వరు, అది రేడియో ఆస్ట్రానమీకి, ఆస్పత్రుల టెలిమెట్రీకి. వీహెచ్‌ఎఫ్ లో ఖాళీలు బాగా కనిపిస్తాయి, అవి చూసి చాలామంది టెంప్ట్ అవుతారు, కానీ డిజిటల్‌కి లో-వీహెచ్‌ఎఫ్ అంటే కరెంటు లైన్ల నాయిస్, ఇంట్లో అడాప్టర్ల నాయిస్, పైగా ఇళ్ళ మీద ఉన్న యాంటెన్నాలన్నీ యూహెచ్‌ఎఫ్ వి, ప్రతి ముసలాయన్నీ పెద్ద యాంటెన్నా కొనమని చెప్పలేం. పక్కన పెట్టేశాం. ఛానెల్ 14 కంప్యూటర్లో శుభ్రంగా కనిపించింది, కానీ దాని కింది అంచు 470 మెగాహెర్ట్జ్, దాన్ని ఆనుకునే 460 నుంచి 470 దాకా పోలీసు, ఫైరు, అంబులెన్సు రేడియోలు ఉంటాయి. అదే కొండ మీద షెరీఫ్ ఆఫీసు రిపీటర్ ఉంది. రెండూ ఒకే లైసెన్సుదారు ఆస్తులు, ఒకటి ఇంకోదాని గొంతు నొక్కితే కౌంటీయే సమాధానం చెప్పుకోవాలి. కాబట్టి 14 కూడా కాదు.

మిగిలినవాటిలో మా ఇన్‌పుట్ ఛానెల్‌కి పక్కన ఉన్నవి తీసేశాం. ఇది చాలామంది ఆఖర్న గుర్తుచేసుకునే విషయం. పైనుంచి వచ్చే సిగ్నల్ మైక్రోవోల్టుల్లో ఉంటది, మనం అదే టవర్ మీద పదుల వాట్లు వదులుతాం, పక్క ఛానెల్లో అయితే మన ట్రాన్స్‌మిటరే మన రిసీవర్ని చెవిటిది చేసేస్తుంది. ఎఫ్‌సీసీ సాఫ్ట్‌వేర్ ఇది పట్టుకోదు, వాళ్ళు ఇతరులకి జరిగే నష్టమే చూస్తారు, నీ కాలు నువ్వు తొక్కుకుంటే వాళ్ళకి సంబంధం లేదు. ఇక్కడ ఇంకో ముడి కూడా ఉంది, పైన గొలుసులో మాకు సిగ్నల్ ఇచ్చే ట్రాన్స్‌లేటర్ కూడా డిస్‌ప్లేస్ అయింది, అది ఏ ఛానెల్‌కి పోతదో తెలీకుండా మేం మా అవుట్‌పుట్ ఖాయం చేసుకోలేం, కింద లోయవాళ్ళు మాది తెలీకుండా వాళ్ళది ఖాయం చేసుకోలేరు. అందుకని ముగ్గుర్నీ ఒక కాల్ మీద కూర్చోబెట్టి ముగ్గురి ఛానెళ్ళూ ఒకేసారి అనుకుని వేశాం. ఈ మాత్రం మాట్లాడుకోకుండా ఎవరికి వారు వేసి ఉంటే మూడు అప్లికేషన్లూ గ్రాంట్ అయి కూడా గొలుసు పనిచేసేది కాదు.

ఆఖరికి మిగిలింది 20ల్లో ఒక ఛానెల్. దాని మీద పక్క కౌంటీలో ఇంకో ట్రాన్స్‌లేటర్ ఉంది, అదే ఛానెల్, కొండ వెనకాల. ఇక్కడే కేసు అసలు తిరగబడింది.

కమిషనర్లకి ఎక్కువలో ఎక్కువ పవర్ కావాలి. రూలు యూహెచ్‌ఎఫ్ ట్రాన్స్‌లేటర్‌కి 15 కిలోవాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా బలం కూడా కలిపిన పవర్) దాకా ఇస్తుంది కదా, ఎలాగూ కొత్త ట్రాన్స్‌మిటర్ కొంటున్నాం, అడిగేది పెద్దదే అడుగుదాం అని. మాట వినడానికి బానే ఉంటది, కానీ ఈ సర్వీసులో ఎక్కువ అడగటం అంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. లెక్క ఇలా ఉంటది: మన వల్ల ఫుల్ పవర్ లేదా క్లాస్ ఏ స్టేషన్ ప్రేక్షకుల్లో 0.5 శాతం దాటి కొత్త ఇంటర్‌ఫియరెన్స్ రాకూడదు, ఇంకో ట్రాన్స్‌లేటర్‌కి అయితే 2 శాతం. టీవీస్టడీ అనే ఎఫ్‌సీసీ సాఫ్ట్‌వేర్ లాంగ్లీ-రైస్ అనే సిగ్నల్ అంచనా పద్ధతిలో కొండల ఎత్తుపల్లాలు కూడా చూసుకుని ఇది లెక్కేస్తది. పెద్ద నగరంలో 2 శాతం అంటే వేలమంది, అక్కడ ఒక వీధి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇలాంటి లోయలో ట్రాన్స్‌లేటర్ కింద ఉన్న జనమే కొద్దిమంది, జనాభాని సెన్సస్ బ్లాక్ మధ్యలో ఒక చుక్కగా పెడతారు, ఒక రాంచ్ దగ్గర నాలుగైదు ఇళ్ళున్న చుక్క ఒక్కటి అడ్డం పడితే చాలు, 2 శాతం దాటేస్తది.

మాకు సరిగ్గా అదే అయింది. పవర్ పెంచి చూస్తే పక్క కౌంటీలో ఒకే ఒక్క బ్లాక్ దగ్గర దాటుతోంది. మ్యాప్ జూమ్ చేస్తే అది రెండు కొండల మధ్య సందులోంచి మా సైటుకి నేరుగా కనిపించే చోటు. ఆ ఇళ్ళవాళ్ళు వాళ్ళ కౌంటీ ట్రాన్స్‌లేటర్ వైపే యాంటెన్నా తిప్పుకుని ఉంటారు, మా సిగ్నల్ వెనకనుంచి వస్తుంది, నిజంగా ఇబ్బంది ఉంటుందా అంటే ఉండకపోవచ్చు, కానీ అప్లికేషన్ కాగితం మీద తేలాలి. సాఫ్ట్‌వేర్ మ్యాపుని విడగొట్టే గళ్ళ సైజు తగ్గించి, టెరైన్ పాయింట్లు దగ్గర చేసి మళ్ళీ రన్ చేశాం, కొంచెం తగ్గింది, చాల్లేదు.

అప్పుడు యాంటెన్నా వైపు తిరిగాం. పాత సైటులో ఉన్నది దాదాపు అన్ని వైపులా వెదజల్లే యాంటెన్నా. లోయ చూస్తే పొడుగ్గా, ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా ఉంటది, ఇళ్ళు హైవే పక్కన, కాలవ పక్కన. తూర్పు వైపు మొత్తం ఎవరూ లేని రాతికొండే, అటు పోయే పవరంతా వృథా, అంతేకాదు ఆ సందులోంచి దూరి పక్క కౌంటీకి పోయేది కూడా అదే. రెండు ప్యానెళ్ళు పెట్టి లోయ పొడవునా కొట్టేలా, తూర్పు వైపు లోతుగా నల్ పడేలా (అటు సిగ్నల్ దాదాపు పోకుండా) ప్యాటర్న్ డిజైన్ చేశాం, కొండ లోయకి చాలా ఎత్తులో ఉంది కాబట్టి కిందికి టిల్ట్ ఇచ్చాం, ఇవ్వకపోతే మెయిన్ బీమ్ ఊరి నెత్తి మీదుగా పోయి అవతలి కౌంటీలో దిగుద్ది. ఈఆర్‌పీ కొన్ని వందల వాట్లకి దించాం. మాస్క్ ఫిల్టర్ (పక్క ఛానెళ్ళలోకి చిందే సిగ్నల్ని ఆపేది) సింపుల్ కాకుండా స్ట్రింజెంట్ తీసుకున్నాం, ఖరీదు కాస్త ఎక్కువే కానీ పక్క ఛానెళ్ళవాళ్ళతో లెక్క తేలికైపోయింది. మళ్ళీ రన్ చేస్తే 2 శాతం లోపలికి హాయిగా వచ్చేసింది, పైగా ఊరి దక్షిణం చివర ఉన్న ఇళ్ళ దగ్గర ఫీల్డ్ స్ట్రెంగ్త్ పాత సెటప్ కంటే ఎక్కువ. పవర్ తగ్గించి కవరేజ్ పెంచారా అని ఒక కమిషనర్ గారు నమ్మలేదు, మ్యాపులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాకే సంతకం పెట్టారు. సెకండరీ సర్వీసులో ఊరికి ఎంత కావాలో అంతే అడిగినవాడి అప్లికేషనే నిలబడుద్ది, ఈ మాట ఆ గదిలో చెప్పాను, ఇప్పుడూ చెప్తాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. ఫామ్ 2100 షెడ్యూల్ సీ, ఎఫ్‌సీసీ ఆన్‌లైన్ సిస్టమ్ ఎల్‌ఎమ్‌ఎస్ లో వెయ్యాలి. కోఆర్డినేట్లు ఎన్‌ఏడీ 83 అనే మ్యాపు కొలత పద్ధతిలోనే ఇవ్వాలి, పాత లైసెన్సుల్లో ఎన్‌ఏడీ 27 ఉంటాయి, మార్చకుండా ఎక్కిస్తే సైటు పదుల మీటర్లు జరిగిపోద్ది. డిస్‌ప్లేస్‌మెంట్‌లో టవర్ని కావాలంటే 30 మైళ్ళ దాకా జరపొచ్చు, మేం జరపలేదు, ఉన్న టవర్ మీదే కాబట్టి ఎఫ్‌ఏఏ (విమానయాన శాఖ) గొడవ రాలేదు. కౌంటీ ప్రభుత్వం కాబట్టి అప్లికేషన్ ఫీజు లేదు. రేడియేషన్ లెక్క ఎఫ్‌సీసీ వాళ్ళ ఓఈటీ 65 బులెటిన్ ప్రకారం చూపించాలి, అదే షెడ్డు దగ్గరికి షెరీఫ్ మనుషులు, ఫోన్ కంపెనీవాళ్ళు ఎక్కుతారు కాబట్టి అన్ని ట్రాన్స్‌మిటర్లూ కలిపి లెక్కేశాం. కొండ ఫెడరల్ భూమి, దాని లీజులో ఏ ఫ్రీక్వెన్సీలు అని రాసి ఉంటది, ఛానెల్ మారుతుంటే ఆ ఆఫీసుకి ముందే చెప్పాలి, లేకపోతే ఎఫ్‌సీసీ పర్మిట్ చేతిలో ఉండి కూడా గేటు దగ్గర ఆగిపోతారు. ఇంకోటి రీబ్రాడ్‌కాస్ట్ కన్సెంట్, కమ్యూనికేషన్స్ యాక్ట్ సెక్షన్ 325(ఎ) ప్రకారం అసలు స్టేషన్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కౌంటీ ఫైల్లో ఉన్న లెటర్ ఎప్పటిదో, ఆ స్టేషన్ ఓనర్లు కూడా మారిపోయారు. కొత్తది అడిగి తెప్పించాం, వాళ్ళు సంతోషంగా ఇచ్చారు, ఇలాంటి ఊళ్ళల్లో వాళ్ళని చూపిస్తోంది మనమేగా.

కన్‌స్ట్రక్షన్ పర్మిట్ వచ్చింది. పర్మిట్‌కి మూడేళ్ళ గడువు ఉంటది, అది దాటి కట్టకపోతే దానంతటదే రద్దు. మూడేళ్ళు కాగితం మీద ఎక్కువే, కానీ ఈ కొండకి మంచు కరిగాక వేసవిలో కొన్ని నెలలే ట్రక్కు పోతది, మిగతా కాలం స్నోక్యాట్ (మంచు మీద నడిచే బండి) మీదే, యాంటెన్నా పని చలికాలం పెట్టుకోలేం. పైగా దేశం మొత్తం ఒకేసారి ఛానెళ్ళు మారుతుంటే టవర్ ఎక్కే క్రూలు దొరకడం గగనం. పై గొలుసువాళ్ళు ముందు మారాలి, ఆ రోజే మా ఇన్‌పుట్ రిసీవర్ రీట్యూన్ అవ్వాలి, తర్వాత మా అవుట్‌పుట్, తర్వాత కిందవాళ్ళ ఇన్‌పుట్. క్రమం తప్పితే లోయ మొత్తం నల్ల స్క్రీనే.

ఇన్‌స్టాలేషన్ రోజు ఒక ఆసక్తికరమైన విషయం తేలింది. రిసీవ్ యాంటెన్నా కేబుల్‌కి స్పెక్ట్రమ్ ఎనలైజర్ పెట్టి చూశాం. మా ఇన్‌పుట్ ఛానెల్ చదునుగా బల్లపరుపు కొండలా కనిపించాలి, కింది అంచుకి 309 కిలోహెర్ట్జ్ పైన పైలట్ (రిసీవర్ పట్టుకునే గుర్తు సిగ్నల్) సన్నటి ముల్లులా నిలబడాలి. ముల్లు ఉంది, కానీ బల్లకి అటూ ఇటూ నాయిస్ లేచి కూర్చుంది, రిసీవర్ ఎమ్‌ఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) ఆగకుండా ఊగుతోంది. 8-వీఎస్‌బీకి (ఇక్కడి డిజిటల్ టీవీ సిగ్నల్ పద్ధతి) దాదాపు 15 డీబీ కంటే కిందికి పోతే బొమ్మ మసకబారడం ఉండదు, ఒక్కసారిగా ఆగిపోద్ది. స్పాన్ పెంచి చూస్తే 617 మెగాహెర్ట్జ్ పైన ఎల్‌టీఈ (4జీ మొబైల్ సిగ్నల్) దిమ్మల్లా నిలబడి ఉంది, లోయ అవతల కొత్తగా ఆన్ చేసిన సెల్ టవర్. ఏ బ్యాండ్‌కోసం మమ్మల్ని లేపారో ఆ బ్యాండే, మా ప్రీయాంప్‌ని (వచ్చిన సిగ్నల్ని ముందుగా పెంచేదాన్ని) ముంచేస్తోంది. ప్రీయాంప్‌కి ముందు ఇన్‌పుట్ ఛానెల్‌కి ట్యూన్ చేసిన బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టగానే నాయిస్ కూర్చుంది, ఎమ్‌ఈఆర్ ఎక్కి అక్కడే నిలబడింది. చాలామంది ఫిల్టర్ని ప్రీయాంప్ తర్వాత పెడతారు, నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటది. 600 బ్యాండ్ దగ్గర్లో ఇన్‌పుట్ ఉన్న ప్రతి సైటుకీ ఈ ఫిల్టర్ని మొదటి కొటేషన్లోనే రాసుకోండి.

డిజిటల్ అయ్యాక ఒక మంచి జరిగింది, అనలాగ్ రోజుల్లో గొలుసులో ప్రతి మెట్టుకీ మంచు చుక్కలు పేరుకునేవి, నాలుగో లోయకి వచ్చేసరికి బొమ్మ సగమే. ఇప్పుడు రిసీవర్ బిట్లు విప్పి మళ్ళీ కొత్తగా మాడ్యులేట్ చేస్తుంది కాబట్టి చివరి లోయలో కూడా సాల్ట్ లేక్ లో కనిపించే బొమ్మే కనిపిస్తుంది.

ఆన్ ఎయిర్ అయ్యాక షెడ్యూల్ డి, అంటే లైసెన్స్ టు కవర్. పర్మిట్‌లో రాసినట్టే కట్టామని చెప్పడం ఇది, యాంటెన్నా దిక్కు సర్వేయర్ గారితో కొలిపించి పెట్టాం, నల్ మీద ఆధారపడి తెచ్చుకున్న పర్మిట్‌కి దిక్కు పది డిగ్రీలు తప్పితే పక్క కౌంటీకిచ్చిన మాట తప్పినట్టే. కాల్ సైన్ కూడా మారింది, ట్రాన్స్‌లేటర్ పేరులోనే ఛానెల్ నంబరుంటది కదా, కె తర్వాత రెండంకెలు, రెండక్షరాలు, చివర డి. జనానికి మాత్రం టీవీలో కనిపించే వర్చువల్ నంబరు మారలేదు, అయినా రీస్కాన్ చెయ్యాలి. ఇది చెప్పడానికి కౌంటీవాళ్ళు నిజంగా కష్టపడ్డారు, పోస్టాఫీసులో, సీనియర్ సెంటర్లో, చర్చిలో కాగితాలు అంటించారు, ఫోన్ చేసినవాళ్ళకి రిమోట్లో ఏ బటన్ నొక్కాలో ఓపిగ్గా చెప్పారు. ఈ లోయలో చాలా ఇళ్ళకి కేబుల్ లేదు, డిష్ అంటే నెలనెలా కట్టాలి, కార్చిచ్చు వస్తే ఖాళీ చెయ్యమనే అలర్ట్ కూడా ఈ ట్రాన్స్‌లేటర్ మీదుగానే వాళ్ళ ఇంట్లోకి వస్తుంది.

డబ్బు గురించి. మొదట ట్రాన్స్‌లేటర్లకి పరిహారం లేదు, ఫుల్ పవర్, క్లాస్ ఏ వాళ్ళకే. 2018 మార్చిలో కాంగ్రెస్ అదనంగా ఒక బిలియన్ డాలర్లు ఇస్తూ అందులో 150 మిలియన్ల దాకా ఎల్‌పీటీవీ (తక్కువ పవర్ టీవీ) స్టేషన్లకి, ట్రాన్స్‌లేటర్లకి కేటాయించింది. అర్హతకి షరతు ఏంటంటే 2017 ఏప్రిల్ 13కి ముందు 12 నెలల్లో కనీసం 9 నెలలు నడిచి ఉండాలి, దానికి రుజువు కావాలి. కొండ మీద మనిషి లేని షెడ్డు, లాగ్ బుక్ ఎవరు రాస్తారు. కౌంటీ అకౌంట్స్ గుమాస్తా ఆ సైటు కరెంటు బిల్లులన్నీ నెలవారీగా ఫైలు చేసి ఉంచింది, అవే రుజువయ్యాయి. ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా, ఫిల్టర్ ఖర్చులో చాలాభాగం తిరిగొచ్చింది. ఆ గుమాస్తాకి నేను ప్రత్యేకంగా థ్యాంక్స్ చెప్పాను, నా ఇంజినీరింగ్ ఎగ్జిబిట్ కంటే ఆమె ఫైలే కౌంటీకి ఎక్కువ డబ్బు తెచ్చింది.

ఇప్పుడు ఆ ట్రాన్స్‌లేటర్ నడుస్తోంది. షెడ్డు తలుపు మీద కొత్త కాల్ సైన్, కౌంటీ అడ్రసు, ఫోన్ నంబరు అంటించాం. ఇన్‌పుట్ పోతే ట్రాన్స్‌మిటర్ దానంతటదే ఆగేలా పెట్టాం. ఇలాంటి లైసెన్సు చూసుకునే కౌంటీ సిబ్బందికి నేను రాసిచ్చిన కాగితంలో రెండే సంగతులున్నాయి. స్టేషన్ వరసగా 12 నెలలు ఆగి ఉంటే చట్టం ప్రకారం లైసెన్సు దానంతటదే పోతది, కాబట్టి పిడుగు పడి ట్రాన్స్‌మిటర్ కాలితే మంచు కరిగేదాకా చూద్దాం అని కూర్చోకుండా ఆ వారమే ఎఫ్‌సీసీకి సైలెంట్ (స్టేషన్ ఆగింది) అని చెప్పండి, రిపేర్ మొదలుపెట్టండి. రెండోది, ఉటా స్టేషన్ల లైసెన్సులకి తర్వాతి గడువు 2030 అక్టోబర్ 1, రెన్యువల్ దానికి నాలుగు నెలల ముందే వెయ్యాలి, అప్పటికి ఎవరు పనిలో ఉంటారో తెలీదు కాబట్టి ఆ తేదీని కరెంటు బిల్లులు పెట్టే ఫైలు అట్ట మీదే రాసి ఉంచండి.